చిల్లు చప్పుడు

ఆ పూట మాస్టారు మళ్ళీ చచ్చిపోయారు. తానొక్కరూ పోతే పోనీ అనుకోవచ్చు, ముక్కూమొహం తెలియని మరో ముగ్గుర్ని కూడా వెంట తీసుకుపోయారు.

తెర నల్లబడింది. ఆ నలుపులోంచి ఎవరో కుర్రవాడి గొంతు హెడ్‌ఫోన్లో పేలింది.

"ఓయ్ పాతకాపూ! చిల్లు నీ నెత్తిమీదే పడింది కదయ్యా! చెవుల్లో దూది పెట్టుకుని ఆడుతున్నావా?"

"పోనీలేరా, ఎవరో పెద్దాయనలా ఉన్నారు" అంది ఇంకో గొంతు, ఆడపిల్లది. కుర్రవాడి తిట్టుకన్నా ఈ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

పాతకాపు అన్నది ఆటలో మాస్టారు పెట్టుకున్న పేరు. ఆట పేరు 'తెప్ప'. ఒకరికొకరు తెలియని నలుగురు ఇంటర్నెట్‌లో కలిసి, ఒక ముసలి అంతరిక్ష నౌకని ఎలాగోలా గట్టెక్కించాలి. నౌక తోలు పలచన. ఎప్పుడు ఎక్కడ చిల్లు పడుతుందో తెలియదు. ఎర్రదీపం వెలగదు, తెరమీద ఏ గుర్తూ రాదు. గాలి బయటికి జారిపోయే సన్నటి చప్పుడొక్కటే ఆధారం. విన్నవాళ్ళు పరుగెత్తి అతుకు వెయ్యాలి, లేదంటే నలుగురూ గోవిందా.

ఆ చప్పుడు తయారుచేసిన మనిషి ఎవరయ్యా అంటే, మాస్టారే.

ఆట కంపెనీలో శబ్దాల పనంతా ఆయనది. కంపెనీ పెట్టిననాటినుంచీ ఉన్నారు. ఆయన విని తల ఊపితే ఆ శబ్దం ఆటలోకి వెళుతుంది, పెదవి విరిస్తే చెత్తబుట్టలోకి వెళుతుంది. ఆ తలకి, ఆ పెదవికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆట బీటాకి వచ్చింది. అంటే అమ్మకానికి పెట్టకముందు బయటివాళ్ళకి తలుపు తీసి, ఆడి చూడండి, ఎక్కడ చెడిందో చెప్పండి అనడం. ఈ బీటా నడిచే రోజుల్లో కంపెనీవాళ్ళంతా కూడా మారుపేర్లతో ఆ జనంలో కలిసి ఆడాలి. తామెవరో నోరు జారకూడదు. అది అక్కడి కట్టుబాటు.

మొదటి ఆటలో చచ్చేదాకా మాత్రం మాస్టారికి ఎంత సంబరంగా ఉందో! ఇన్నాళ్ళూ విడివిడిగా, ముక్కలుగా విన్న చప్పుళ్ళు మొదటిసారి ఒక ఊరిలా కలిసి బతకడం విన్నారు. ఇంజను రొద పాత లిఫ్టు మోటారుది, గంటలకొద్దీ దాని పక్కన మైకు పట్టుకు నిలబడి తెచ్చారు. తలుపు మూసుకునే చప్పుడు ఇంట్లో బట్టల బీరువాది, దానికి తడి ఇసుక సంచీ కింద పడేసిన చప్పుడు కలిపారు. శిరస్త్రాణంలో వినపడే ఊపిరి ఆయన సొంత ఊపిరే. కిటికీ అవతల నీలంగా ఓ గ్రహం తిరుగుతోంది, కాళ్ళకింద ఇనుపరేకులు కిర్రుమంటున్నాయి, తోటివాళ్ళు కబుర్లాడుకుంటున్నారు. తాను చేసిన ఇంట్లోకి తానే చుట్టంలా వచ్చినట్టనిపించి, చిన్నపిల్లాడిలా నౌకంతా తిరిగారు.

తరవాత చిల్లు పడింది. అందరూ పరుగెత్తారు. ఎందుకు పరుగెత్తుతున్నారో అర్థంకాక మాస్టారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

ఇంకోసారి ఆడారు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్నారు. ఇంజను వినపడింది, తలుపు వినపడింది. చిల్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు. నా చప్పుడు ఆటలో లేదు, ఎవరో తీసేశారు, అనుకున్నారు. ఎవరో అని అనుకోవడం మాటవరసకే, ఆ పని చెయ్యగలిగింది ఆయన కింద పనిచేసే ఒక్క కుట్టుపిల్ల.

సాయంత్రం అందరూ పెద్దగదిలో పోగయ్యారు. బీటా రోజుల్లో ఇది మామూలే, దీన్ని 'మొదటి మాట' అంటారు. ఒక్కొక్కరే లేచి ఆ రోజు ఆటలో తమకేం జరిగిందో చెప్పాలి. "జనం అనుకుంటారు", "ఆడేవాళ్ళకి నచ్చదు" లాంటివి చెల్లవు. మాట 'నాకు' అనే మొదలవ్వాలి. సలహాలు తరవాత. ఈ పద్ధతి పెట్టింది కంపెనీ నడిపే పెద్దన్న. వయసులో మాస్టారికన్నా చాలా చిన్నవాడే, అయినా అందరికీ పెద్దన్నే.

"నాకు దారి తెలియలేదు, వంటగదిలోనే తిరిగాను" అని ఒకరు. "నాకు కిటికీ దగ్గర ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు" అని బొమ్మలావిడ. ఆ నీలి గ్రహం గీసింది ఆవిడే, అందరూ నవ్వారు.

మాస్టారు లేచారు. "నాకు చిల్లు వినపడలేదు."

గదిలో నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"నాకూ అంతే" అన్నాడు పెద్దన్న వెంటనే. "పొద్దుట్నుంచీ చస్తూనే ఉన్నాను. నా ఆటేదో నాకు రాదేమో అనుకున్నా. మాస్టారే అన్నారంటే ఇంకేముంది! చెవితో ఆడే ఆట అని దేశమంతా టముకు వేశాం. ఆ చెవికే ఏమీ అందకపోతే ఎలా?"

అందరి చూపూ కుట్టుపిల్ల మీదికి మళ్ళింది. మాస్టారు చేసిన చప్పుళ్ళని ఆటలో ఎక్కడ, ఎప్పుడు, ఎంత గట్టిగా మోగాలో కుట్టే పని ఆ అమ్మాయిది. అందుకే ఆ పేరు. చేరి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"వినపడుతుంది సార్" అందా పిల్ల నిలబడి. "కాకపోతే... కొంచెం తగ్గించాను."

"ఎవర్నడిగి?" అన్నాడు పెద్దన్న.

"చెవులు కోసేస్తోందని మాస్టారికి ముందే చెప్పాను. చాలాసార్లు చెప్పాను."

చెప్పింది. మాస్టారికి గుర్తుంది. ఆ చప్పుడు చేస్తున్న రోజుల్లో ఎంత చేసినా ఆయనకది మొద్దుగానే ఉన్నట్టు ఉండేది. సన్నం చేశారు, ఇంకా పదును పెట్టారు, ఇంకా పైకి లాగారు. పక్కన కూర్చున్న ఈ పిల్ల మొహం చిట్లించి, "సార్, సూదిలా దిగుతోంది" అంది. "చవక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చెవులు పాడుచేసుకున్నారు మీరంతా. పదును అంటే ఏంటో తెలీదు" అని నలుగురిలో నవ్వుతూనే కొట్టిపారేశారు. ఆ నలుగురూ నవ్వారు. పిల్ల నవ్వలేదు.

"చెప్పావు. నేను వద్దన్నాను కదా?" అన్నారు మాస్టారు.

"అన్నారు."

"అయినా తగ్గించావు."

"మా తమ్ముడితో ఆడించి చూశాను సార్. హెడ్‌ఫోన్ పీకి అవతల పారేశాడు. అందుకని..."

"ఇది మీ ఇంటి ఆట కాదు" అన్నాడు పెద్దన్న. గొంతు పెంచలేదు, అదే భయం. "రేపట్నుంచి శబ్దాల పని ముట్టుకోకు. బీటా అయ్యాక కూర్చుని మాట్లాడదాం."

కూర్చుని మాట్లాడదాం అంటే ఏమిటో అక్కడ తెలియనివాళ్ళు లేరు. అమ్మాయి కుర్చీలో కూర్చుని చేతిగోళ్ళు చూసుకుంది. మాస్టారికి కాస్త ఎక్కడో కలుక్కుమంది. అయినా తప్పు తప్పే కదా, పెద్దల మాట కాదని చేతులు పెట్టింది, అనుభవించాలి, అని సర్దిచెప్పుకున్నారు.

ఇంటికొచ్చి ఆయన పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నారు. లోపలినుంచి భార్య కేకేసింది.

"ఏమండీ! మిషన్ మొత్తుకుంటోంది, వినపడట్లేదూ?"

"ఆఁ, లేస్తున్నా లేస్తున్నా."

"ఈ ఇంట్లో నా గొంతయినా అరగాలి, ఆ మిషన్ గొంతయినా అరగాలి. మీరు మాత్రం కదలరు." విసురుగా వచ్చి, బట్టలుతికే మిషన్ మూత తీసి, ఆవిడే తడిబట్టలు బకెట్లోకి లాగింది. ఇది రోజూ ఉండే రామాయణమే. ఆయన బద్ధకస్తుడని ఆవిడ, ఆవిడకి తొందరెక్కువని ఆయన, ఇద్దరూ ఎప్పుడో ఒక ఒప్పందానికి వచ్చేశారు.

మర్నాడు మాస్టారు పనిగట్టుకుని ముందే వెళ్ళారు. కుట్టుపిల్ల తగ్గించిన చప్పుడుని తన చేత్తో మళ్ళీ మొదటి మట్టానికి ఎత్తారు. ఎత్తి, కడుపు చల్లబడ్డట్టు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన గది గోడలకి మెత్తటి దిళ్ళు అంటించి ఉంటాయి, ముందువైపు పెద్ద అద్దం. అద్దంలోంచి హాలంతా కనపడుతుంది. హాలు చివర ఓ బల్ల దగ్గర కుట్టుపిల్ల పాత హెడ్‌ఫోన్ల చెవిదిండ్లు స్పిరిట్‌తో తుడుస్తోంది. అదీ ఆ అమ్మాయికి అప్పజెప్పిన కొత్త పని. ఒక దిండు తుడిచి, వెలుతురులో తిప్పి చూసి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంటోంది. తల ఎత్తడం లేదు.

పెద్దన్న తలుపు తోసుకుని వచ్చాడు. "ఇప్పుడే ఓ ఆట ఆడొచ్చా మాస్టారూ. అబ్బ, ఎంత తేడా! చిల్లు ఖణేల్మంటోంది."

"మరేమనుకున్నారు!" అన్నారు మాస్టారు. ఛాతీ ఓ అంగుళం పొంగింది.

హెడ్‌ఫోన్ తగిలించుకుని తెప్ప ఎక్కారు. ఈసారి జట్టులో ఒక బొంగరం, ఒక చిట్టెలుక, ఒక దొరబాబు. పేర్లకేం, ముగ్గురూ చురుకైనవాళ్ళే. మాస్టారు అతుకుల సంచీ ముందే భుజాన వేసుకుని నడవా మధ్యలో నిలబడ్డారు. ఈసారి నేనే ముందు వింటాను, నేనే ముందు పరుగెత్తుతాను, పెద్దాయన అని జాలిపడ్డ పిల్ల ఎక్కడున్నా చూడాలి, అనుకున్నారు. ఇంజను గురగురలాడుతోంది. ఎవరో ఇనుప నిచ్చెన దిగుతున్నారు. మాస్టారి అరచేతులు చెమట పట్టాయి. మౌసు జారుతోంది, ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నారు.

"అమ్మో!" అని అరిచింది బొంగరం.

"ఏంట్రా బాబూ ఈ కూత! బుర్ర పగిలిపోతోంది!" అన్నాడు దొరబాబు.

"ఆపండెవరైనా! నేను తీసేస్తున్నా, నావల్ల కాదు" అంది చిట్టెలుక. ఆ వెంటనే బల్లమీద ఏదో పడ్డ దడేల్‌మన్న చప్పుడు, తరవాత ఆవిడ గొంతు లేదు.

"ఏ కూత?" అన్నారు మాస్టారు.

"పాతకాపూ, నీ పక్క గోడేనయ్యా! వెయ్యి అతుకు!"

మాస్టారు అటు చూశారు, ఇటు చూశారు. ఇంజను రొద, తన ఊపిరి, అంతే. వాల్యూము పెంచారు. ఇంజను ఉరిమింది, ఊపిరి ఈదురుగాలయ్యింది. ఇంకా పెంచారు. మూడో చప్పుడు లేదు.

"ఏ కూత?" అన్నారు మళ్ళీ. తెర నల్లబడింది.

మాస్టారు తరవాత హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, చిల్లు చప్పుడొక్కదాన్నే విడిగా తెరిచారు. శబ్దానికి తెరమీద ఓ బొమ్మ వస్తుంది. బొంగురు చప్పుడైతే కింద, సన్నటిదైతే పైన గీతలు లేస్తాయి. పైన గీతలు చిక్కగా, గోడ కట్టినట్టు నిలబడ్డాయి. చప్పుడు ఉంది. పెద్ద స్పీకర్లు పెట్టి, గది తలుపు తెరిచి, మీట నొక్కారు. గీతలు కదిలాయి. గది నిశ్శబ్దంగా ఉంది.

అద్దం అవతల, హాలు చివర, కుట్టుపిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది.

మాస్టారు ఆపారు. అమ్మాయి చేతులు దింపింది. నొక్కారు. చేతులు లేచాయి. ఆపారు, దిగాయి. నమ్మలేక మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఆపారు, మళ్ళీ నొక్కారు. ఒక మీట తన వేలికింద, ఇంకో మీట ఆ పిల్ల చేతుల్లో ఉన్నట్టుంది. మధ్యలో తనకి మాత్రం ఏమీ లేదు.

అమ్మాయి లేచి విసవిసా వచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఎందుకు సార్ ఇంకా? నా పని తీసేశారు, సరే, తప్పు చేశాను. చెవులు కూడా తీసెయ్యాలా?"

మాస్టారు నోరు తెరిచారు. ఒక్క మాట అంటే చాలు. మీట ఆపేసి, నోరు మూసేసుకున్నారు. శబ్దాల మాస్టారికి చెవి లేదని తెలిస్తే ఇంకేం మిగిలింది? ఆయన బతుకంతా ఆ రెండు చెవులమీదే కట్టుకున్నది.

ఈలోగా పెద్దన్న పరుగులాంటి నడకతో వచ్చాడు. "మాస్టారూ, గొడవైపోయింది. చెవులు నొప్పని పొద్దుట్నుంచీ ఫిర్యాదులే. ఆటే మానేసి పోతున్నారు." అమ్మాయిని చూసి నుదురు చిట్లించాడు. "తగ్గించినప్పుడు ఇంకేదో కూడా కెలికుంటుంది. అవునా మాస్టారూ? అంతే అయ్యుంటుంది. మీరు సరిచేసెయ్యండి. రేపు సాయంత్రం 'మొదటి మాట' అవ్వగానే ఈ అమ్మాయి లెక్క తేల్చేస్తాను."

దారి చక్కగా పరిచి పెట్టాడు. నడవడమే ఆలస్యం. మాస్టారు తల ఊపారు. అలవాటైన తల, ఊగిపోయింది. కుట్టుపిల్ల ఆ తలవైపు ఓసారి చూసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లో కుర్చీ తీసుకెళ్ళి బట్టలుతికే మిషన్ ఎదురుగా వేసుకు కూర్చున్నారు. లోపల బట్టలు గిరగిరా తిరిగాయి. నీళ్ళు గుడగుడమంటూ పోయాయి, అది వినపడింది. నెమ్మదిగా డ్రమ్ము ఆగింది. మూతమీద పచ్చదీపం మినుకుమినుకుమంది. మాస్టారు ముందుకి వంగి చెవి ఆనించారు. దీపం మినుకుతూనే ఉంది.

"ఏమండీ! మిషన్!" అని లోపల్నుంచి కేక.

"ఇది కూస్తుందా?" అని అడిగారాయన.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఎగతాళా?"

"కాదు. ఎప్పట్నుంచి కూస్తోంది?"

"కొన్నప్పట్నుంచీ" అంది. ఇంకేదో అనబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. మిషన్ని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. నిన్నటిదాకా వేసిన కేకలన్నీ ఆవిడకి ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. దగ్గరికొచ్చి ఆయన భుజంమీద చెయ్యి వేసి, "బద్ధకం అనుకున్నానండీ" అంది.

"నేనూ అంతే అనుకున్నాను" అన్నారు మాస్టారు. ఆ రోజు తడిబట్టలు ఇద్దరూ కలిసి ఆరేశారు.

మర్నాడు సాయంత్రం పెద్దగది కిటకిటలాడింది. బీటాకి అదే చివరి రోజు. కుట్టుపిల్ల గుమ్మం పక్కన, సంచీ భుజాన తగిలించుకునే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, తనూ కూర్చోలేదు. ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు. వరస మాస్టారి దగ్గరికి వస్తోంది. ఇవాళ్టికి గడిస్తే చాలు, తరవాత ఎవరికీ తెలియకుండా ఏదో ఒకటి చేసుకోవచ్చు, అని లోపల ఎవరో గొణుగుతున్నారు. గుమ్మం వైపు చూడకూడదనుకుంటూనే చూశారు. అమ్మాయి సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

మాస్టారు లేచారు.

"నాకు చిల్లు వినపడదు."

"మళ్ళీ తగ్గించారా?" అన్నాడు పెద్దన్న చురుగ్గా, గుమ్మంవైపు చూస్తూ.

"లేదు. పూర్తిగా ఉంది. నేనే పెంచాను, చెవులు నొప్పి పెట్టింది నావల్లే. మీకు వినపడుతుంది. నాకే వినపడదు." నాలుక తడుపుకున్నారు. "చేసేటప్పుడే సరిగ్గా వినపడలేదు. అందుకే అంత సన్నగా, అంత పైకి లాగాను. ఆ అమ్మాయి చెప్పింది. నేను నవ్వులపాలు చేశాను. తను తగ్గించింది కాబట్టే మొదటిరోజు జనం ఆడగలిగారు."

పెద్దన్న పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. మాస్టారు కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమో అనిపించింది.

"మరి ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు చివరికి పెద్దన్న. ఆ ప్రశ్న ఎవరినుద్దేశించిందో అతనికే తెలియదు.

కుట్టుపిల్ల సంచీ కింద పెట్టింది. గదిలో అందరి మధ్యనుంచి నడిచొచ్చి స్పీకర్లకి కలిపిన కంప్యూటర్ ముందు కూర్చుంది. చిల్లు చప్పుడు తెరిచింది. గొంతులో ఇంకా బెరుకుంది, చేతుల్లో లేదు.

"పైనుంచి మెల్లగా కిందికి దింపుతాను. పదును తగ్గుతూ వస్తుంది. వినపడగానే చెయ్యెత్తండి. అందరూ. కళ్ళు మూసుకోండి, పక్కవాళ్ళని చూసి ఎత్తేస్తాం లేకపోతే." ఒక్క క్షణం ఆగి, మెత్తగా, "మీరు కూడా మాస్టారూ" అంది.

మాస్టారు నిలబడే కళ్ళు మూసుకున్నారు. మొదట ఏమీ లేదు. చుట్టూ బట్టల గరగర, చొక్కా చేతులు లేస్తున్న చప్పుడు. వాళ్ళకి వినపడుతోందన్నమాట. తనకి లేదు. ఎవరి కుర్చీయో కిర్రుమంది. బొమ్మలావిడ గాజులు కాబోలు, కాస్త ఆలస్యంగా గలగలమన్నాయి. ఇంకా ఏమీ లేదు. గుండె చెవుల్లోనే కొట్టుకుంటోంది. ఎత్తెయ్యి, ఎవరు చూడొచ్చారు, అనిపించింది. ఎత్తలేదు. చేతిని తొడకి ఆనించి గట్టిగా పట్టుకున్నారు. గది మొత్తం తనకోసమే ఆగినట్టుంది. ఆ ఎదురుచూపు ఎంతసేపో, ఇన్నేళ్ళ ఉద్యోగమంతసేపు ఉన్నట్టు తోచింది.

అప్పుడొచ్చింది. ఎక్కడో తలుపు సందులోంచి గాలి దూరినట్టు, సన్నగా, సందేహంగా. మాస్టారు మరో క్షణం ఆగి, అది నిజమేనని నమ్మకం కుదిరాక చెయ్యెత్తారు.

కళ్ళు తెరిచారు. చేతులన్నీ లేచే ఉన్నాయి. పెద్దన్నది తప్ప. నిన్న చిల్లు ఖణేల్మంటోందన్న పెద్దన్న కళ్ళు బిగించి మూసుకుని, తల ఒక పక్కకి వంచి, నుదుటిమీద చెమటతో ఇంకా వింటున్నాడు. చప్పుడు ఇంకొంచెం దిగింది. గదిలో అందరూ అతన్నే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అతని చెయ్యి మెల్లగా గాలిలోకి లేచింది.

కుట్టుపిల్ల అక్కడ ఆపింది.

"చిల్లు ఇక్కడ పెడదాం సార్" అంది.